గీత ఉందా, సారూ?

కడపలో మొన్న ఒక పెళ్ళికి వెళ్ళాను. కల్యాణ మంటపం వెనక, కార్లు నిలిపే చోట, ఒక డ్రైవరు పసుపుపచ్చ గుడ్డతో నల్లకారు తుడుస్తున్నాడు. పొడిగుడ్డ. కారు మీద దుమ్ము జల్లెడ పట్టిన పిండిలా సన్నగా, సమంగా పరుచుకుని ఉంది. అతను దాన్ని గుండ్రంగా, ప్రేమగా, పసిబిడ్డ వీపు నిమిరినట్టు నిమురుతున్నాడు. భోజనానికి పోతున్నవాణ్ణి ఆగిపోయాను. నా అనుమతి తీసుకోకుండానే నా నోట్లోంచి ఒక మాట వచ్చింది.

“తుడవద్దప్పా. కడగాల.”

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. “మీ కారా సార్?”

“కాదు.”

“మా సారు మీకు తెలుసునా?”

“తెలీదు.”

“అట్లయితే పోయి అన్నం తినండి సార్. వంకాయ అయిపోతాండాది.”

సలహా బాగుంది. పాటించాను. కానీ తింటున్నంతసేపూ చెవిలో ఆ మాటే తిరిగింది. అది నా మాట కాదు. ఆ గొంతు కూడా నాది కాదు. కర్నూల్లో మా ఎదురింటాయనది. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. గొంతు మాత్రం నా దగ్గర ఉండిపోయినట్టుంది.

పేరు రాయను. ఇంటి ముందరి తన కారు షెడ్డుకు పేరుతో బోర్డు పెట్టించుకోమంటేనే, “యాల సారూ, నేనీడ్నే ఉండా గదా” అన్న మనిషి. నేను ఆయన్ను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను సారూ అని, నువ్వు అనేవాడు. నేను డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్తాను కాబట్టి సారు. ఎదురింట్లో ఉంటాను కాబట్టి నువ్వు. రెండూ న్యాయమే.

ఆయన నీటిపారుదల శాఖలో జీపు డ్రైవరు. ముప్పై ఏళ్ళకు పైగా ఇంజనీర్లను కాలువ కట్టల మీద తిప్పాడు. నందికొట్కూరు దగ్గరి పల్లెనుంచి వచ్చి, మా వీధిలో స్థలం కొని, మూడు గదుల ఇల్లు కట్టి, ముందువైపు ఇనుప షట్టరుతో ఒక కారు షెడ్డు కట్టించాడు. ఇంట్లో అన్నిటికంటే పెద్ద గది అదే. కారు మాత్రం లేదు, కొనే ఆలోచనా లేదు. ఎందుకు కట్టావన్నా అని అడిగితే ఆశ్చర్యపోయేవాడు. “డ్రైవరు ఇంటికి షెడ్డు లేకుంటే ఎట్ల?”

కారు లేని షెడ్డు ఖాళీగా ఉండదు. మా వైపు ఎర్రగడ్డలనే ఉల్లిపాయల సంచులు, విరిగిన మంచం, ఖాళీ సిలిండరు, ఏడాదిలో పదకొండు నెలలు నిద్రపోయే క్రిస్మస్ నక్షత్రం, వీటితో అది నిండింది. ఆయన రిటైరైన నెలలో ఒక ఉదయం ఇవన్నీ వీధిలోకి వచ్చేశాయి. ఇల్లు ఖాళీ చేస్తున్నారేమోనని వెళ్ళాను. అక్క, అంటే ఆయన భార్య, పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఎర్రగడ్డల సంచి మీద కూర్చుని నన్ను న్యాయం అడిగింది.

“చూడు సారూ, ముప్పై ఏండ్లు కార్ల ఎంబడి తిరిగినాడు. ఇప్పుడు కార్లనే ఇంటికి పిల్సుకుంటాడంట. కడుగుతాడంట.”

“కడిగేది కాదు,” అన్నాడాయన లోపలినుంచి. “కడిగేది మొదులు మాత్రమే.”

“తరవాత ఏం చేస్తావు, తల దువ్వుతావా?”

“దువ్వుతా. నీకేంది?”

నగరాల్లో ఈ పనికి ఇంగ్లీషు పేరుంది, గాజుతలుపుల దుకాణాలున్నాయి. మా వీధిలో దానికి షెడ్డు అనే పేరు. కారును కడిగి, దాని ఒంటికి పట్టిన మొండి మురికి తీసి, మిషను పెట్టి మెరుగుపట్టి, పైన ఒక రక్షణ పూత పూసి పంపడం. ఒక్కో కారుకు రెండు మూడు రోజులు పట్టేది. వీధి చివర నీళ్ళు చిమ్మి ఇరవై నిమిషాల్లో పంపించే మనిషి దీన్ని చాలాకాలం ఒక జబ్బుగానే పరిగణించాడు.

షెడ్డును మార్చడానికి నాలుగు నెలలు పట్టింది. ముందు నేల. నాపరాళ్ళు పరిపించి, నీళ్ళు మూలకు పోయేట్టు వాలు పెట్టమన్నాడు. మేస్త్రీ పెట్టానన్నాడు. ఆయన జేబులోంచి ఒక గోలీ తీసి నేల మీద వదిలాడు. అది రెండడుగులు పోయి ఆలోచించుకుని ఆగింది. “చూడప్పా, దానికే యాడికి పోవాల్నో తెలీదు, నీళ్ళకెట్ల తెలుస్తాది?” అన్నాడు. మేస్త్రీ రాళ్ళు రెండుసార్లు ఎత్తి మళ్ళీ పరిచాడు. చివరి రోజు మధ్యాహ్నమంతా ఆయన ఒక్కో రాయి మీదా గోలీ వదులుతూ, అది దొర్లుకుంటూ మూలకు చేరేదాకా చూస్తూ, మళ్ళీ తెచ్చి వదులుతూ గడిపాడు. నేను వరండాలో పేపర్లు దిద్దుతున్నాను. ఆ గోలీ శబ్దంలో నిద్రపట్టింది. కొందరు విద్యార్థులు ఆ రోజు లాభపడి ఉంటారు.

తర్వాత లైట్లు. అందరూ ట్యూబులైట్లు పైన పెడతారు. ఆయన గోడలకు పెట్టమన్నాడు, మోకాలెత్తున ఒక వరస, భుజమెత్తున ఒక వరస.

“పెద్దాయనా, వెలుగు పైన్నుంచి రావాల గదా,” అన్నాడు ఎలక్ట్రీషియను.

“కారు పండుకున్న మనిషి మాదిరప్పా. పైన్నుంచి చూస్తే అంతా బాగానే ఉండాదనిపిస్తాది. పక్కన కూచోని చూడాల.”

గోడలకు బూడిదరంగు వేశాడు. షట్టరు లోపల రెండు గోనెపట్టాలు తెరలా వేలాడదీసి, పని మొదలుపెట్టేముందు వాటిని తడిపేవాడు. కర్నూలు దుమ్ము లోపలికి రావాలంటే ఆ తడిని దాటి రావాలి. దాటి వచ్చేది, అది వేరే విషయం. కానీ కాళ్ళు కడుక్కుని వచ్చినట్టు వచ్చేది.

అసలు ఇబ్బంది నీళ్ళు. మా వీధి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కారు మీద ఆరితే తెల్లటి మచ్చలు మిగులుతాయి. కుళాయిలో తుంగభద్ర రోజు విడిచి రోజు, అదీ తనకు బుద్ధి పుట్టినప్పుడు. కడగడానికి డ్రమ్ముల్లో ఆ నీళ్ళే పట్టిపెట్టేవాడు. చివరిసారి పోయడానికి మాత్రం ఉప్పు చుక్క కూడా లేని నీళ్ళు కావాలి. ఒక ఎండాకాలం మా ఇంటి పక్కసందులో నిలబడి గోడవైపే చాలాసేపు చూస్తున్నాడు. ఏమైందని కంగారుపడి వెళ్ళాను.

“సారూ, మీ ఏసీ నీళ్ళు ఉత్తగా పోతాండాయే,” అన్నాడు, దొంగతనాన్ని కనిపెట్టినట్టు.

మర్నాటినుంచి మా వీధిలో ఏసీ ఉన్న ప్రతి ఇంటి గొట్టం కింద ఒక మూతబకెట్టు. మా ఊరి గాలిలో తేమ తక్కువ, ఏసీలు పిసినారుల్లా చుక్కచుక్కగా విదిలించేవి. సాయంత్రం ఎండ వాలాక ఆయన ఇంటింటికీ తిరిగి ఆ నీళ్ళు పోగుచేసుకునేవాడు. వేడి గోడల మధ్య, చల్లటి బకెట్టు పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా నడిచే ఆ మనిషి పాలు పిండుకుని వస్తున్నట్టే ఉండేవాడు. “మీ ఏసీది శానా నెమ్మదైన నీళ్ళు సారూ,” అనేవాడు నాతో. ఆ మెచ్చుకోలు కోసమే నేను ఏసీ గంటసేపు ఎక్కువ వేసిన రోజులున్నాయి. కరెంటు బిల్లు కట్టేది మా ఆవిడ కాబట్టి ఆమెకు చెప్పలేదు.

ఆయన పద్ధతులు ఆయనవి. కింద పడిన గుడ్డ మళ్ళీ కారును తాకకూడదు. దాంట్లో ఇసుక రేణువు దాక్కుని ఉంటుంది. పడినవన్నీ లోపలికి పోయేవి. “మా ఇంట్లో చారుగిన్నె దించే గుడ్డ కూడా కారుకు పనికిరాందే,” అనేది అక్క. కడిగిన కారు మీద చెయ్యి ఉత్తగా పెట్టేవాడు కాదు. కొత్తిమీర కట్టిచ్చే పలచటి ప్లాస్టిక్ కవరులో చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని, బానెట్టు మీద మెల్లగా తిప్పేవాడు. “ఉత్త చెయ్యి మంచిమాటలు చెప్తాది సారూ. కవరేసుకుంటే ఉండేది చెప్తాది.” నేనూ చేసి చూశాను. నున్నగా ఉందనుకున్న రంగు మీద కవరు గరగరలాడింది. అంతవరకూ నాకు తెలిసిన నునుపులన్నిటి మీదా అనుమానం వచ్చింది.

కొత్తకారుకు మా వైపు పసుపూ సున్నమూ కలిపి బానెట్టు మీద బొట్లు పెడతారు. సున్నం రంగు పైపొరను తినేస్తుంది. కారు వచ్చిన రోజే తీసెయ్యాలి. ఆయన చర్చికి పోయే మనిషి. ఆదివారం షెడ్డు తెరవడు. అయినా ఏ కారు బొట్టూ తనంతట తాను తుడవలేదు. ముందు ఆ ఇంటికి ఫోను చేసేవాడు. మగవాళ్ళు ఎత్తితే, “రోంత అమ్మకీప్పా” అనేవాడు. “అమ్మా, బొట్టు తీసేదా, ఉంచేదా?” ఆమె ఉంచమంటే చుట్టూ టేపు అంటించి, ఆ రూపాయంత చోటును వదిలి, మిగతా కారంతా అద్దం చేసి పంపేవాడు. ఆ అద్దంలో ఎర్రటి బొట్టు ఒక్కటే బీటలువారి కనిపించేది. తర్వాత మళ్ళీ ఎప్పుడైనా ఫోను వస్తే పోయి తీసి వచ్చేవాడు.

కాలేజీ నుంచి వచ్చాక నాకు ఆ షెడ్డులో ప్లాస్టిక్ స్టూలు ఒకటి ఉండేది. ఎప్పుడు నాదైందో తెలియదు. బయట ఎండ తెల్లగా కాలుతుంటే, తడి గోనెల వెనక అదొక వేరే వేళ. ఉదయమూ కాదు, సాయంత్రమూ కాదు. మిషను తుమ్మెదలా మోగేది. గోడల మీది ట్యూబులైట్లు కారు తలుపుల్లో పొడుగాటి తెల్లటి దారుల్లా సాగేవి. ఆయన కదిలితే ఆ దారులూ వంగేవి. నేను స్టూలు మీద కూర్చుని కారులోకి, అంటే కారు రంగులోకి, చూస్తూ ఉండేవాణ్ణి. అందులో నా ముఖం నిలువుగా సాగి, తెలివైనవాడిలా కనిపించేది. ఒక్కోసారి అది కారు కాదు, కదలని నీళ్ళు అనిపించేది. అడుగున ఎవరో దీపాలు పట్టుకుని పోతున్నట్టు ఉండేది. నిద్రా మెలకువా తేడా తెలియని ఆ గంటల్లోనే ఆయన నాకు తన సంగతులు చెప్పాడు. ఏది ఆయన చెప్పిందో, ఏది నేను కన్న కలో ఇప్పుడు కొంత కలిసిపోయింది. ఒకటి మాత్రం ఆయన చెప్పిందే.

“సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పొద్దన్నే లేసి జీపు తుడిసినా సారూ. పొడిగుడ్డతో. సారు వచ్చేతలికి తళతళా అనాల. అందురు డ్రైవర్లూ అంతే. ఎవురు బాగా రుద్దితే వాడు మంచి డ్రైవరు. ఒకసారి హైదరాబాదులో కొత్తబండి తెచ్చేకి పోయినాం. నా బండి కూడా ఆడ లైట్ల కింద నిలబెట్టినా. చూస్తే దాని నిండా గీతలు. సన్నటివి, గుండ్రంగా, సాలెగూడు మాదిరి. ఎవురు గీసినారా అని చూస్తే, ఆ సుట్లు నా చెయ్యి తిరిగే సుట్లే.”

మిషను ఆపి, దాని చివరి స్పాంజి బిళ్ళను దులిపాడు.

“దుమ్మంటే ఏంది? రాయే గదా. రాయి పెట్టి రుద్దినా ఇన్నేండ్లు. సేవ అనుకున్నా.”

ఇంతకీ గీత ఎట్లా పోతుందని అడిగాను. రంగు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుందట, గీతలుండేది దాంట్లోనే. “గీతను తియ్యల్యాం మనం. గీత సుట్టూ ఉండేదాన్ని గీత లోతుకు దించుతాం. అంతే.” మా కాలేజీలో ఫలితాల శాతం కూడా ఇదే పద్ధతిలో మెరుగుపరుస్తారని చెప్పాను. ఆయన నవ్వలేదు. నా హాస్యానికి ఆయన ఎప్పుడూ వెంటనే నవ్వేవాడు కాదు. రెండ్రోజుల తర్వాత ఏ టైరు దగ్గరో కూర్చుని ఉన్నట్టుండి నవ్వేవాడు.

షెడ్డు మొదలైన మూడో ఏడాదికి ఆయన చూపు తగ్గడం మొదలైంది. షుగరు. కంటి వెనక పొర దెబ్బతింటోందని, సూదులూ లేజరూ చేసినా పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. అక్క ఆ మాట నాకు గేటు దగ్గర, ఆయనకు వినపడకుండా చెప్పింది. “నేను వార్డులో ఎంతమందికి చెప్పినా సారూ ఇట్లాటివి. ఈ మనిషికి చెప్పల్యాకపోతాండా. మిషను ఇడ్సమంటే అన్నం ఇడ్సమన్నట్టు సూస్తాడు.”

ఆయన నాకేమీ చెప్పలేదు. అడగడం మాత్రం మొదలుపెట్టాడు. తలుపు మీద పని ముగిశాక, పక్కకు జరిగి, “గీత ఉందా, సారూ?” అనేవాడు, ఊరికే అడిగినట్టు. చేతికి మొండి మురికి తెలుస్తుంది గానీ ఆ సన్నటి గీతలు తెలియవు. అవి కంటి వస్తువులు. నేను లైటుకు అడ్డంగా వంగి చూసి చెప్పేవాణ్ణి. మేమిద్దరం దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ దసరా సెలవుల్లోనే నల్లకారు వచ్చింది. కడపలో స్థిరపడిన ఒక రిటైర్డు ఇంజనీరు మేడమ్‌ది. సర్వీసులో ఉన్నప్పుడు ఆమె దగ్గర ఆరేళ్ళు చేశాడు. ఆఫీసు జీపుతో పాటు ఆమె సొంతకారును కూడా రోజూ తుడిచేవాడు. ఆ కారును ఒకసారి పంపమని ఆయనే ఫోను చేసి బతిమాలుకున్నాడు. నాలుగు రోజుల్లో వచ్చి తీసుకుంటానని ఆమె వదిలి వెళ్ళింది. లైట్లు వెయ్యగానే నాకే అయ్యో అనిపించింది. తల వెంట్రుకల్లాంటి వేల గీతలు, చుట్లు చుట్లుగా, కారంతా. ఆయన దగ్గరికి వంగి, కళ్ళు చికిలించి, చాలాసేపు చూశాడు.

“నాయే,” అన్నాడు.

మూడు రోజులు చేశాడు. నల్లరంగు ఏదీ దాచదు. బానెట్టు, టాపు, ఎడమవైపు, ఒక్కొక్కటీ నల్లటి చెరువులా నిండుతూ వచ్చాయి. మూడో రోజు నాలుగు గంటలకు డ్రైవరు వైపు తలుపు మిగిలింది. దాన్ని నాలుగుసార్లు చేశాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

“గీత ఉందా, సారూ?”

ఉంది. పిడి కింద ఒకటి, మూరెడు, వంకరగా. నేను ఆయన ముఖం చూశాను. తర్వాత గీతను చూశాను. మనుషుల పట్ల నాకు దయ ఉందని నాకొక నమ్మకం.

“లేదన్నా,” అన్నాను.

ఆయన మిషను కింద పెట్టి, నేల మీదే కూర్చుని, తల తలుపుకు ఆనించబోయి, అంటితే మరక పడుతుందని ఆనించకుండా కూర్చున్నాడు.

మర్నాడు మేడమ్ వచ్చింది. తెల్లజుట్టు, భుజాన గుడ్డసంచి, గట్టి గొంతు. “ఏమప్పా, చిక్కిపోయినావే! నా కారుకు మాత్రం తిండి బాగా పెట్టినట్టుండావు,” అంది. కారును వీధిలోకి, ఎండలోకి తీశారు. మా వీధి ఇళ్ళన్నీ అందులోకి ఎక్కాయి. కరెంటు తీగల మీది కాకి కూడా ఎక్కింది. ఆమె చుట్టూ తిరిగింది. తిరిగేకొద్దీ ఆమె నడక నెమ్మదించింది.

“మేడమ్, గీత ఏమన్నా ఉండాదా చూసి చెప్పండి,” అన్నాడాయన, చేతులు కట్టుకుని.

ఆమె కళ్ళజోడు మార్చుకుంది. నేను కాకివైపు చూశాను.

“డ్రైవరు తలుపుకు ఒకటుండాదప్పా. పిడి కింద.”

“బాగా చూడండి మేడమ్.”

“బాగానే చూసినా. కట్టకు బీటుంటే బీటుందనే రాసినా సర్వీసంతా. నీకు లేదని ఎట్ల చెప్పేది?” అంది. ఆయన ముఖం చూసి గొంతు తగ్గించింది. “ఉండనీప్పా. నాకేమి ఇబ్బంది? ఇన్నేండ్లూ నేను చూడనేల్యా ఇవన్నీ.”

“మీకని కాదు మేడమ్,” అన్నాడు.

నావైపు తిరగలేదు. కారును మళ్ళీ లోపలికి పెట్టమని ఆమెనే అడిగాడు. ఆమె పెట్టింది. అక్క ఆమెను లోపలికి టిఫినుకు తీసుకుపోయింది. షెడ్డులో మేమిద్దరమే మిగిలాం. గోనెలు తడపడానికి చెంబు అందుకుంటూ అన్నాడు, “సారూ, నువ్వు మంచోడివే. నాకు మంచోళ్ళు ఇంట్లో ఉండారు. ఈడ నాకు కండ్లు కావాల.”

తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన మిషను పెట్టాడు.

“ఉందా?”

“ఉంది.”

మళ్ళీ.

“ఉంది.”

మళ్ళీ. ఏసీ నీళ్ళతో తుడిచి, లైటు జరిపి.

“ఉంది అన్నా, రోంత.”

ఎన్నోసారో లెక్క లేదు. ఒకసారి వంగి చూస్తే తెల్లటి దారి ఈ చివరినుంచి ఆ చివరికి ఎక్కడా తెగకుండా పోయింది. ఇటు చూశాను, అటు చూశాను, లేచి చూశాను.

“లేదు,” అన్నాను.

“ఒట్టు?”

“ఒట్టన్నా.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ దూరంలో నేను ఆయనకు ఎంత కనిపించానో తెలియదు. “మంచిది,” అన్నాడు. మేడమ్ ఆ కారు నడుపుకుంటూ పోయేటప్పుడు వీధి మలుపు తిరిగేదాకా చెయ్యెత్తి నిలబడ్డాడు. తిరిగిన తర్వాత కూడా కాసేపు నిలబడ్డాడు. మలుపు ఎప్పుడు వచ్చిందో ఆయనకు కనిపించి ఉండదు.

ఆ తర్వాత ఏడాదికి పైగా నేను ఆ షెడ్డు కళ్ళు. కాలేజీలో పదహారేళ్ళుగా నేర్చుకోనిది అక్కడ నేర్చుకున్నాను. చూడటం, చూసింది చెప్పటం. ఆయన చూపు ఇంకా ఇంకా తగ్గింది. బకెట్టుతో ఇంటింటికీ తిరిగేటప్పుడు గోడను వేళ్ళతో తడుముకుంటూ నడిచేవాడు. చేతులు మాత్రం ఎక్కడా తడబడలేదు. కారు ఆకారం ఆయన చేతులకు కంఠతా వచ్చు. నేను ఉంది అంటే చేసేవాడు, లేదు అంటే ఆపేవాడు. అక్క నన్ను చూసి, “వానికి కండ్లిచ్చినావు సరే, నీకు బుద్ధి ఎవురిస్తారు, ఎండలో వచ్చి ఈడ కూచుంటావు,” అని మజ్జిగ ఇచ్చేది.

ఎర్రకారు ఆత్మకూరు నుంచి వచ్చింది. విత్తనాల అంగడి నడిపే ఒక పెద్దమనిషిది. మార్చి నెల, మధ్యాహ్నం. బానెట్టు మీద మడత గీతలా ఒక అంచు ఉంటుందే, అక్కడ పొర పలచగా ఉంటుంది. ఆయన ఆ అంచు వెంబడే మిషను నడిపిస్తున్నాడు. నేను స్టూలు మీద ఉన్నాను. ఎప్పటిలాగే సగం కలలో ఉన్నాను, బానెట్టులో ట్యూబులైట్లు ఎర్రటి నీళ్ళలో పడవల్లా ఊగుతున్నాయి. మిషను తెల్లటి స్పాంజి అంచు గులాబీరంగుకు తిరగడం చూశాను. బాగుందే అనుకున్నాను. తర్వాత ఆ రంగు ఎక్కడిదో అర్థమైంది.

“ఆపన్నా!”

ఆపాడు. స్పాంజికి రంగు అంటిందంటే పైపొర దాటి కారు రంగునే కోసేసినట్టు, ఆయన భాషలో కాలినట్టు. కళ్ళున్నవాడెవడైనా మొదటి మరకకే చెయ్యి తీసేస్తాడు. నేను వంగి చూశాను. అంచు మీద నువ్వుగింజంత చోట ఎరుపు పోయి లోపలి తెలుపు కనిపిస్తోంది. ఆత్మకూరు పెద్దమనిషి ఈ జన్మలో దాన్ని చూడడు. చూసినా రాయి తగిలిందనుకుంటాడు. నేను చెప్పకపోతే ఆ సాయంత్రం ఆ కారు వెళ్ళిపోతుంది, రేపు ఇంకో కారు వస్తుంది, గోనెలు తడుస్తాయి, మిషను మోగుతుంది. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. మిషను చేతిలో పట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి, నా మాట కోసం నిలబడ్డాడు.

“ఏమన్నా ఉందా, సారూ?”

తడి గోనెలోంచి నీటిచుక్కలు రాలుతున్నాయి. నాలుగైదు రాలేదాకా ఆగాను.

“ఉంది,” అన్నాను. “కాలింది.”

“యాడ?”

ఆయన చెయ్యి పట్టుకుని, చూపుడువేలు ఆ గింజ మీద పెట్టాను. ఆయన వేలు ముందుకూ వెనక్కూ కదిపాడు. కవరు అడిగి తీసుకుని, అందులో చెయ్యి దూర్చి మళ్ళీ కదిపాడు.

“నాకేం తెలుస్తల్యా,” అన్నాడు.

ఆయన వేలిని మళ్ళీ ఆ గింజ మీదికే జరిపాను.

“నువ్వు ఉందంటే ఉండాది,” అన్నాడు.

మిషను స్విచ్చి తీసి, వైరును మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టుకున్నాడు. తొందర లేకుండా, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పడకుండా. ఫోను నాకిచ్చి ఆత్మకూరు నంబరు కలపమన్నాడు. “అప్పా, నీ కారు ముందర పక్క రోంత కాల్చినా. నా తప్పే. రంగు వేపిచ్చిస్తా.” అవతలి మనిషి ఏదో నవ్వుతూ అంటున్నాడు, ఫరవాల్యా ఫరవాల్యా అని. ఈయన విన్నాడు. “లేదప్పా, ఉండాది. చూసేవాడు చెప్పినాడు,” అన్నాడు.

అక్క పళ్ళెంలో టీ గ్లాసులు పెట్టుకుని గోనె పక్కకు తొలగించి వచ్చింది. చుట్టిన వైరు చూసింది. ఆయన ముఖం చూసింది.

“అయిపాయనా?” అంది.

“అయిపాయ,” అన్నాడు.

ఈ కారా, అన్నీనా అని ఆమె అడగలేదు. ఒక గ్లాసు ఆయన చేతిలో పెట్టి, అది గట్టిగా పట్టుకున్నాడని తెలిసేదాకా వేళ్ళు తియ్యలేదు. ముగ్గురం నిలబడే టీ తాగాం. ఎర్రకారులో మేం ముగ్గురం పొడుగ్గా, కాళ్ళు లేకుండా, దేనిమీదో తేలుతున్నట్టు ఉన్నాం. ఆ మాట ఆయనకు చెప్పాను. ఎట్లుండామో చెప్పు సారూ అన్నాడు. చెప్పాను, అక్క చేతిలోని పళ్ళెంతో సహా. శ్రద్ధగా విన్నాడు.

ఖాళీ గ్లాసు ఇచ్చేస్తూ అడిగాడు, “ఇంగ సాయంత్రాలు నీకెట్ల పొద్దు పోతాది, సారూ?”

“పేపర్లున్నాయి గదన్నా, దిద్దుకుంటా.”

“ఊఁ,” అన్నాడు. సమాధానం సరిపోయినట్టు లేదు.

కారును వీధిలోకి తీశాక షట్టరు దించాం. ఆయన ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకున్నాం. అది ఒక్కడు దించగలిగేదే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.